బ్రెస్ట్ లిఫ్ట్ ఆపరేషన్: ఒక బ్లౌజ్ టైలర్ రివ్యూ

నాలుగు స్టార్లు ఇస్తున్నాను. జారిన రొమ్ముని పైకి తెచ్చే ఈ ఆపరేషన్ వరకే అయితే ఐదు ఇచ్చేదాన్ని. తర్వాత ఫోన్ ఎత్తే పద్ధతికి ఒకటి కోశాను. ఆసుపత్రి హైదరాబాద్‌లో ఉంది. మరీ పెద్ద కార్పొరేట్ కాదు, ప్లాస్టిక్ సర్జరీకి విడిగా ఒక ఫ్లోర్ ఉన్న మధ్యరకం. పేరు మాత్రం రాయను. మాది తెనాలి, నాది బ్లౌజులు కుట్టే పని. మా వీధిలో ఎవరింటికి ఏ డాక్టరు మందులు వస్తాయో మెడికల్ షాపు కంటే ముందు నా షాపులో తెలుస్తుంది. అదే దారిలో నా సంగతి కూడా వెళ్లకూడదని.

నాకు 43 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు తర్వాత బరువు 90 కిలోలకి వెళ్లింది. షుగర్ అంచులో ఉందని చెప్పాక నోరు కట్టేసుకుని, పొద్దున్నే నడిచి, నిదానంగా 66కి దిగాను. ఒళ్లు తగ్గింది కానీ చర్మం తగ్గలేదు. ఎండాకాలం వస్తే రొమ్ము కింద మడతలో చెమట పట్టి, ఒరుసుకుని, ఎర్రగా పాసిపోయేది. కాటన్ గుడ్డ ముక్క పెట్టుకుని, పౌడరు చల్లుకుని, చర్మం డాక్టరు రాసిన క్రీము రాసుకుని నెట్టుకొచ్చాను. మిషన్ మీద వంగి కూర్చునే పని కదా, బ్రా స్ట్రాపులు భుజాల్లో గాడి పడేలా దిగేవి. ఊరందరికీ ఫిట్టింగ్ కుదిర్చేదాన్ని, నా బ్లౌజులో మాత్రం కప్పులు పెట్టి, లోపల ఇంకో పొర వేసి, ఎలాగోలా షేపు నిలబెట్టుకునేదాన్ని. అందం కోసం కాదు అని అబద్ధం చెప్పను. అందం కోసం కూడా.

“పిల్లలకి అంతకాలం పాలిస్తే ఇంతే మరి” అని మా అత్తయ్య ఎప్పుడూ అనేది. డాక్టర్‌ని మొదట అడిగిన ప్రశ్న అదే. పాలివ్వడం అసలు కారణం కాదట. కడుపుతో ఉన్నప్పుడు రొమ్ము పెరిగి తర్వాత తగ్గడం, ఎన్ని కాన్పులయ్యాయి, బరువు ఎంత పెరిగి తగ్గింది, వయసు, పొగతాగే అలవాటు, వీటి వల్లే జారుతుందట. ఇంటికొచ్చాక అత్తయ్యకి ఈ ముక్క చెప్పాను. నమ్మలేదు, అది వేరే సంగతి.

ఇంకొకటి. పార్లర్లలో అమ్మే మసాజ్ నూనెలు, బిగుతు చేసే క్రీములు నేనూ కొన్నాను. రొమ్ములో కండరం ఉండదు. పాలగ్రంథి, కొవ్వు, వాటిని పట్టుకుని ఉండే సన్నటి లిగమెంట్లు, పైన చర్మం, అంతే. ఒకసారి సాగిన లిగమెంటు, చర్మం నూనె రాస్తే వెనక్కి రావు. వ్యాయామం చేస్తే వెనకున్న ఛాతీ కండరం గట్టిపడుతుంది. మంచిదే, కానీ జారినది పైకి లేవదు.

ఆసుపత్రి ఎంచుకునే ముందు రెండు మూడు చోట్ల చూపించుకున్నాను. ఒకచోట డాక్టర్‌ని కలవకముందే “కౌన్సెలర్” అనే అమ్మాయి గంటసేపు మాట్లాడింది. సోఫాలు, గ్రీన్ టీ, గోడ మీద విదేశీ ఆడవాళ్ల ఫొటోలు. దారాలతో లాగి కట్టేస్తాం మేడమ్, మచ్చే ఉండదు, సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు అంది. ఇవాళ అడ్వాన్స్ కడితే 20 వేలు తగ్గిస్తామంది. నేను దారాల మధ్య పాతికేళ్లుగా బతుకుతున్నదాన్ని. మిగిలిపోయిన బట్టని కత్తిరించకుండా దారంతో ఎత్తికడితే ఎన్నాళ్లు నిలుస్తుందో నాకు ఒకరు చెప్పాలా? లేచి వచ్చేశాను.

చివరికి చేయించుకున్న చోట డాక్టర్‌గారి మొదటి మాట, “మచ్చలుంటాయమ్మా, అవి ఒప్పుకుంటేనే మిగతాది మాట్లాడుకుందాం.” ఆ ఒక్క మాటతో నమ్మకం కుదిరింది. ఆయన ఎంబీబీఎస్, ఎంఎస్ తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ అనే పై చదువు చేశారు. రిజిస్ట్రేషన్ నంబరు తీసుకుని మా అబ్బాయి చేత మెడికల్ కౌన్సిల్ సైట్‌లో వెతికించాను. ఇది తప్పకుండా చేయండి. కాస్మెటిక్ అని బోర్డు పెట్టుకున్న ప్రతి చోటా ఎంసీహెచ్ గానీ, ప్లాస్టిక్ సర్జరీలో డీఎన్‌బీ అనే డిగ్రీ గానీ ఉన్నవాళ్లే ఉంటారని లేదు.

కొలతల సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అక్కడ నాకు ముచ్చటేసింది. నర్సు పక్కనే ఉంది, తలుపు వేసి ఉంది. నిటారుగా నిలబడమన్నారు, చేతులు పక్కకి వదిలేయమన్నారు. డాక్టర్‌గారు జేబులోంచి టేపు తీశారు. అచ్చం నా మెడలో వేలాడే టేపే. గొంతు కింద రెండు కాలర్ ఎముకల మధ్య గుంట ఉంటుంది కదా, అక్కణ్ణుంచి చనుమొన దాకా కొలిచి “29” అన్నారు. సెంటీమీటర్లు. నా నోట్లోంచి పదకొండున్నర అంగుళాలు అని వచ్చేసింది. ఆయన తలెత్తి చూశారు. టైలర్‌ని సార్ అన్నాను. అక్కణ్ణుంచి మా సంభాషణ సులువైపోయింది. తర్వాత చనుమొన నుంచి కింద మడత దాకా, ఒక చనుమొన నుంచి ఇంకో దాని దాకా, నల్లటి వలయం అడ్డం ఎంత, అన్నీ రాసుకున్నారు. ఎడమది కుడిదాని కంటే ముప్పావు అంగుళం కిందకుంది. చాలామందికి రెండూ ఒకలా ఉండవు, ఆపరేషన్ తర్వాతా అచ్చుగుద్దినట్టు ఉండవు, దగ్గరగా తేగలం అంతే అన్నారు.

జారడంలో మూడు దశలున్నాయి. చనుమొన, రొమ్ము కింద మడతకి సమానంగా ఉంటే మొదటిది. మడత దాటి కిందకి దిగితే రెండోది. అన్నిటికంటే కింద, నేల చూస్తూ ఉంటే మూడోది. నాది మూడోది. దశని బట్టే కోత. కొంచెం జారితే వలయం చుట్టూ మాత్రమే గుండ్రటి కోత. ఇంకొంచెం ఎక్కువైతే వలయం చుట్టూ, దాన్నుంచి కింద మడత దాకా నిలువుగా ఒక గీత. నాలాంటివాళ్లకి ఆ రెండూ కాక మడత వెంబడి అడ్డంగా కూడా. దాన్ని యాంకర్ కోత అంటారు, లంగరు ఆకారం. కాగితం మీద బొమ్మ వేసి చూపించారు. చూస్తే కటోరీ బ్లౌజు ముందు ముక్కకి టక్కు పెట్టినట్టే ఉంది. ఉబ్బు రావాలంటే ఎక్కువైన గుడ్డని ఒక కోణంలో మడిచి కుట్టాలి, కుట్టిన చోట గీత పడుతుంది. టక్కు లేకుండా షేపు అడిగే కస్టమర్లు నాకూ ఉన్నారు, వాళ్లకి నేను చెప్పేదే ఆయన నాకు చెప్పారు. నా ఉత్సాహం చూసి ఇంకో కబురు కూడా చెప్పారు. ఈ కోతకి ప్యాటర్న్ గీసింది రాబర్ట్ వైజ్ అనే అమెరికన్ సర్జన్, 1956లో, బ్రాల కటింగ్ చూసి ఆ ఆలోచన తెచ్చుకున్నాడట. ఇది విన్న రోజు ఇంటికొచ్చి పాత బ్రా ఒకటి కుట్లు విప్పి బల్ల మీద పరిచి చూసుకున్నాను.

ఆయన చెప్పినవాటిలో మనవాళ్లకి బాగా తెలియాల్సినవి ఇంకో రెండున్నాయి. చనుమొనని కోసి తీసి వేరే చోట అతికించరు. కింద ఉన్న కండ, రక్తనాళాలు, నరాలతో పాటు అలాగే ఉంచి పైకి జరిపి, కొత్త చోట కుడతారు. రెండోది, లిఫ్ట్ అంటే సైజు పెరగడం కాదు. ఉన్నదాన్నే పైకి తెచ్చి గుండ్రంగా చేయడం. చర్మం తీసేస్తారు కాబట్టి బ్రాలో ఒక కప్పు తగ్గినట్టు కూడా అనిపించొచ్చు. పై భాగం ఖాళీగా ఉన్నవాళ్లకి ఆ ఖాళీ లిఫ్ట్‌తో పూర్తిగా నిండదు, దానికి ఇంప్లాంటో (లోపల పెట్టే సిలికాన్ సంచి), సొంత కొవ్వు ఎక్కించడమో కావాలి. ఇంప్లాంట్ పెడితే జీవితాంతం అదే ఉంటుందని అనుకోవద్దు, ఏదో ఒక నాటికి మళ్లీ ఆపరేషన్ అవసరం పడొచ్చు అని ఆయనే అన్నారు. నాకు వద్దన్నాను. ఆయన బలవంతపెట్టలేదు. బయట కూర్చున్న ప్యాకేజీ మేనేజరు మాత్రం ఇంకోసారి ఆలోచించండి మేడమ్ అంటూ వెంటపడ్డాడు.

డబ్బు సంగతి. నాకిచ్చిన ఎస్టిమేటు 1,70,000. సర్జన్, మత్తు డాక్టరు, థియేటరు, ఒక రాత్రి రూము అందులోనే. కింద చిన్న అక్షరాల్లో “పన్నులు అదనం” అని ఉంది. మామూలు వైద్యానికి జీఎస్టీ లేదు కానీ కాస్మెటిక్ సర్జరీకి ఉంది, నాకు అప్పుడు 18 శాతం వేశారు. పుట్టుకతో వచ్చిన లోపానికో, ప్రమాదం వల్ల అయిన దానికో చేస్తే పడదు, నా కేసుకి పడింది. అంటే ఇంకో 30,600. మొత్తం 2,00,600. టెస్టులు, మందులు, ఆపరేషన్ తర్వాత వేసుకునే బ్రా, తీసిన ముక్కని ల్యాబ్‌కి పంపిన ఖర్చు, ఇవన్నీ బయటే. ఇన్సూరెన్స్ ఇవ్వదు. హెల్త్ పాలసీల్లో కాస్మెటిక్ సర్జరీ మినహాయింపుల్లో ఉంటుంది, పాసిపోవడం, భుజాల నొప్పి అని రాయించినా నాకు పని జరగలేదు. చీటీ పాడిన డబ్బుతో కట్టాను. మీకు ఎస్టిమేటు ఇచ్చేటప్పుడు “పన్నుతో కలిపి చివరి అంకె రాయండి” అని అడగండి, పెన్ను వాళ్ల చేతికిచ్చి మరీ.

ముందు చేసిన టెస్టుల్లో రక్తం, షుగర్, థైరాయిడ్, ఈసీజీ, ఎక్స్‌రే మామూలే. నలభై దాటాను కాబట్టి మామోగ్రామ్, అంటే రొమ్ముకి తీసే ఎక్స్‌రే కూడా. ఏమైనా గడ్డ ఉంటే ముందు అది చూసుకోవాలి, తర్వాతే షేపు. కనీసం రెండు వారాల ముందు నుంచి ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలు, విటమిన్ ఈ, చేప నూనె గోళీలు ఆపేయమన్నారు, రక్తం ఎక్కువ కారుతుందని. గుండె జబ్బుకి ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు మాత్రం సొంతంగా ఆపకుండా ఆ డాక్టర్‌ని అడగాలి. నేను మోకాళ్లకి వేసుకునే ఆయుర్వేదం మాత్రల డబ్బా కూడా తీసుకెళ్లి చూపించాను, అవీ ఆపించారు. సిగరెట్ తాగేవాళ్లయితే కనీసం నాలుగు వారాల ముందే మానాలి, లేకపోతే చర్మానికి, చనుమొనకి రక్తం సరిగా అందక పుండు పడే ప్రమాదం ఉందని గట్టిగా చెప్తారు. ఇది ఆడవాళ్లకి అక్కర్లేదనుకోకండి, ఇంట్లో దాచి తాగేవాళ్లు కూడా నిజం చెప్పాలి.

ఆపరేషన్ రోజు పొద్దున నిలబెట్టి గీతలు గీశారు. పడుకుంటే రొమ్ము పక్కలకి జారిపోతుంది, అందుకే నిలబడి ఉన్నప్పుడే గీయాలి. ఊదారంగు స్కెచ్ పెన్ను చల్లగా తగులుతూ ఉంటే మెడ దగ్గర నుంచి మధ్య గీత, రెండు పక్కలా కింద మడత, చనుమొన కొత్తగా రావాల్సిన చుక్క. ఎడమ చుక్క గీసి, రెండడుగులు వెనక్కి వెళ్లి, కళ్లు చికిలించి చూసి, స్పిరిట్ దూదితో చెరిపి, అర సెంటీమీటరు కిందకి మళ్లీ పెట్టారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. పెళ్లి బ్లౌజుకి కత్తెర వేసే ముందు నేనూ అలాగే వెనక్కి జరిగి చూస్తాను. టెన్షన్ అక్కడే సగం తగ్గింది. ఫొటోలు కూడా అప్పుడే తీశారు, ముఖం రాకుండా. దేనికి వాడతారో రాసిన కాగితం మీద సంతకం పెట్టించారు. ప్రకటనలకి వాడుకోవచ్చు అనే గడిని నేను కొట్టేశాను, ఎవరూ ఏమీ అనలేదు.

పూర్తి మత్తు ఇచ్చారు. రెండున్నర, మూడు గంటలు పట్టిందట, నాకేం తెలియదు. లేచేసరికి ఒళ్లంతా వణుకు, వాంతి వచ్చినట్టు ఉంది, గొంతు గీరుకుపోయింది. సిస్టర్ రెండు దుప్పట్లు కప్పి, వాంతికి ఇంజెక్షన్ ఇచ్చింది. కళ్లు తెరవగానే ఛాతీ మీద ఎవరో బరువైన మూట పెట్టి బిగించి కట్టినట్టు ఉంది. నొప్పి నేను భయపడినంత లేదు. సిజేరియన్ నొప్పి చూసినదాన్ని, దాని ముందు ఇది తక్కువే. కానీ లాగుడు ఎక్కువ. తుమ్ము వస్తే మాత్రం దేవుడు కనిపిస్తాడు. ఒక్కో పక్క ఒక్కో సన్నటి గొట్టం పెట్టారు, చెడు రక్తం బయటికి రావడానికి, అది ఇంటికి పంపే ముందు తీసేశారు. కొందరికి గొట్టాలు అసలు పెట్టరట.

రాత్రి డ్యూటీలో ఉన్న ఆయమ్మకి విడిగా ఐదు స్టార్లు. బాత్రూమ్‌కి తీసుకెళ్లినప్పుడు మోచేతులు పక్కటెముకలకి ఆనించి లేవాలని, చేతుల మీద బరువు వేయకూడదని నేర్పింది ఆవిడే. డిశ్చార్జి కాగితంలో ఆ ముక్క లేదు.

ఇంటికొచ్చాక మొదటి వారం ఎవరో ఒకరు తోడు ఉండాల్సిందే. వెల్లకిలా, తల కింద రెండు మూడు దిండ్లు పెట్టుకుని పడుకోవాలి. పక్కకి తిరిగి పడుకునే అలవాటున్న నాకు నిద్ర పట్టక అదొక్కటే ఏడుపు. చేతులు భుజాల కంటే పైకి ఎత్తకూడదు. అంటే జడ వేసుకోలేను, పై అరలోంచి ఉప్పు డబ్బా తీయలేను, తల మీంచి నైటీ వేసుకోలేను. ముందు బటన్లున్న నైటీలు ఆపరేషన్‌కి ముందే నాలుగు కుట్టి పెట్టుకున్నాను, ఇంతకంటే ఉపయోగపడిన వస్తువు లేదు. మా ఆయన జడ వేయడం నేర్చుకున్నారు. వంకరగానే, కానీ వేశారు. నొప్పి మాత్రలకి మలబద్ధకం వచ్చి పట్టుకుంది, ముక్కితే కుట్లు లాగేస్తాయి. దీని గురించి ఎవరూ ముందే చెప్పరు. మొదటి రోజు నుంచే అరటిపండ్లు, పెసరపప్పు, నీళ్లు ఎక్కువ పెట్టుకోండి, అవసరమైతే డాక్టర్‌ని మందు అడగండి.

బ్యాంకులో, ఆఫీసులో కూర్చుని చేసే పని అయితే ఒకటి రెండు వారాల్లో వెళ్లొచ్చంటారు. కత్తెర పట్టే చెయ్యి, ఇస్త్రీ పెట్టె ఎత్తే చెయ్యి అలా కాదు. బరువులు, వ్యాయామాలకి ఆరు వారాలు ఆగమన్నారు. నిండు బిందె, గ్యాస్ బండ, చంటిపిల్ల, అన్నీ బరువులే. నేను షాపు తెరిచాను కానీ కటింగ్ మా అసిస్టెంట్ అమ్మాయి చేత చేయించి, నేను పక్కన కూర్చుని తప్పులు వెతికాను. ఆ అమ్మాయి నా ఆపరేషన్ ఎప్పుడు మానుతుందా అని నా కంటే ఎక్కువ ఎదురుచూసింది.

అసలు మీరు సిద్ధపడాల్సింది మొదటి నెల అద్దానికి. కట్టు విప్పగానే సినిమాలో లాగా ఉంటుందనుకుంటే కంగారు పడతారు. నావి మరీ పైకి, చదునుగా, చతురస్రంగా ఉన్నాయి. కింద కుట్ల వెంబడి కుచ్చిళ్లు, పసుపు పచ్చ, ఆకుపచ్చ కమిలిన మరకలు. ఒకటి ఇంకోదాని కంటే ఎక్కువ వాచింది. “ఇదేంటే, ఇలా చేశారు?” అని మా అక్క నోరు జారింది. డాక్టర్‌గారు ముందే చెప్పి ఉన్నారు కాబట్టి తట్టుకున్నాను. వాపు తగ్గి, కండ కిందకి సర్దుకుని, గుండ్రటి రూపం రావడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. నాకు నాలుగో నెల దాటాకే ఇది నా ఒళ్లు అనిపించింది.

ఇక ఒక స్టార్ ఎందుకు కోశానంటే. నిలువు గీత వచ్చి అడ్డగీతని కలిసే చోటు ఉంది కదా, కింద మడత మధ్యలో. ఒకరోజు డ్రెస్సింగ్ మారుస్తుంటే కుడి పక్క అక్కడ చిటికెన వేలి గోరంత కుట్టు విడింది. లోపల తెల్లగా, పచ్చగా కనిపించింది. శనివారం సాయంత్రం. ఇరవై నాలుగు గంటలూ ఉంటాం అని చెప్పిన వాట్సాప్ నంబరుకి ఫొటో పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే “రివ్యూకి అపాయింట్‌మెంట్ ఉందా మేడమ్?” అట. సోమవారం దాకా నిద్ర లేదు. సోమవారం డాక్టర్‌గారే ఫోన్ చేసి, వీడియోలో చూసి, మూడు వైపుల నుంచి లాగుడు పడేది అక్కడే కాబట్టి ఆ మూల విడడం తరచూ అయ్యేదేనని, చీము కాదని, సబ్బునీళ్లతో కడిగి ఆయింట్‌మెంట్ రాసి గాయాలకి పెట్టే గాజ్ గుడ్డ పెట్టమని చెప్పారు. కొన్ని వారాల్లో దానంతట అదే పూడుకుంది. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఇది మామూలే అనే ఆ రెండు ముక్కలు శనివారం ఎవరో ఒకరు చెప్పాల్సింది. రెండు లక్షలు కట్టించుకున్న చోట శని, ఆదివారాలు ఫోన్ ఎత్తే డ్యూటీ డాక్టరు ఎవరో, నంబరు ఏంటో, కాగితం మీద రాసి ఇవ్వాలి. లేదంటే అడిగి రాయించుకోండి.

ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాల్సినవి వేరే ఉన్నాయి. ఒక పక్క ఉన్నట్టుండి గట్టిగా వాచి నొప్పి పెరగడం, చనుమొన నల్లబడటం, జ్వరం, ఎరుపు పాకడం, వాసన వచ్చే చీము, పిక్కలో నొప్పి, ఆయాసం. వీటికి వాట్సాప్ జవాబు కోసం కూర్చోకండి, దగ్గర్లో ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

మచ్చల విషయం దాచను. కుట్లు లోపల కరిగిపోయేవే. మొదటి నెలల్లో గీతలు ఎర్రగా, కొంచెం ఉబ్బి, దురద పెట్టాయి. గాయం పూర్తిగా మానాక సిలికాన్ జెల్ రోజుకి రెండుసార్లు రాశాను, రాత్రి సిలికాన్ పట్టీ వేశాను. ఏడాది దాటాక వలయం చుట్టూ గీత చూస్తేనే గానీ తెలియదు, నిలువుది లేత గోధుమ రంగులో సన్నగా ఉంది, మడతలోది మడతలోనే దాక్కుంది. చంక వైపు చివర మాత్రం ఒక అంగుళం మేర లావుగా ఉండిపోయింది. మన చర్మానికి మచ్చ నల్లబడటం, ఉబ్బడం తెల్లవాళ్ల కంటే ఎక్కువే. చెవులు కుట్టించుకున్న చోటో, టీకా వేసిన చోటో బుడిపెలా పెరిగినవాళ్లయితే అది డాక్టర్‌కి ముందే చూపించండి, కెలాయిడ్ తత్వం ఉన్నవాళ్లకి ఈ బేరం గిట్టకపోవచ్చు.

స్పర్శ ఎడమ పక్క కొన్ని నెలలు మొద్దుబారింది, కుడి పక్క బట్ట తగిలినా జివ్వుమనేది. ఇప్పుడు ఎడమ పక్క చాలావరకు వచ్చింది, పూర్తిగా కాదు. కొందరికి అసలు రాకపోవచ్చని సంతకం పెట్టిన కాగితంలో ఉంది, చదివే పెట్టాను. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆగడం మంచిది. మళ్లీ కడుపు వస్తే పడ్డ శ్రమంతా జారిపోతుంది, పాలు కూడా కొందరికి తగ్గొచ్చు. బరువు ఇంకా తగ్గే ప్రయత్నంలో ఉన్నవాళ్లూ అంతే, ముందు బరువు ఒక చోట నిలబడనివ్వండి. డాక్టర్‌గారు నా బరువు ఆరు నెలలుగా కదల్లేదని రుజువు చూపించమని అడిగారు. వాకింగ్ గ్రూపులో పెట్టిన బరువు మిషను ఫొటోలు చూపించాను. వయసు, భూమి లాగుడు ఆగవు కాబట్టి కొన్నేళ్లకి కొంత దిగడం ఖాయం, కాకపోతే ఉన్నదాని కంటే మెరుగ్గానే ఉంటుంది.

తర్వాత మామోగ్రామ్‌కి వెళ్లినప్పుడు ఫలానా ఏడాది లిఫ్ట్ అయ్యిందని చెప్పాలి. లోపల మచ్చ కణజాలం, సున్నం చుక్కలు కనిపించి, తెలియనివాళ్లు భయపెట్టే అవకాశం ఉంది. ఆపరేషన్ ముందు ఫిల్ములు పారేయకుండా దాచుకోండి, పక్కన పెట్టి చూడటానికి పనికొస్తాయి.

దూరం నుంచి వచ్చేవాళ్లకి ఒక మాట. మేము కూకట్‌పల్లిలో మా చిన్నాన్న వాళ్లింట్లో మొదటి చెకప్ అయ్యేదాకా ఉన్నాం. ఆటోలో స్పీడ్ బ్రేకర్లు నరకం, క్యాబ్ మాట్లాడుకుని చిన్న దిండు ఛాతీకి ఆనించి పట్టుకోండి, సీటు బెల్టు ఒరుసుకోకుండా. ఫాలోఅప్ ఎన్నిసార్లు ఉచితం, ఎన్ని నెలల దాకా, వీడియోలో చూస్తారా అని ముందే అడగండి. నాకు ఏడాది దాకా ఉచితం అన్నారు, అన్నట్టే చూశారు. క్యాంటీన్ ఇడ్లీ రాయి. బిల్లింగ్ కౌంటర్లో డిశ్చార్జికి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు.

ఇక నా వృత్తి వైపు నుంచి. భుజం నుంచి అపెక్స్ పాయింట్ (రొమ్ము మొన వచ్చే చోటు) నాకు అంగుళంన్నర పైకి వచ్చింది, చెస్ట్ కొలత అర అంగుళం తగ్గింది, చంక దగ్గర కొలత మారలేదు. పాత బ్లౌజులన్నీ టక్కులు విప్పి మళ్లీ పెట్టాల్సి వచ్చింది, ప్రిన్సెస్ కట్‌వి అయితే సరిచేయడం కుదరక పక్కన పడేశాను. కాబట్టి ఆపరేషన్ అయిన ఆరు నెలల లోపు పెళ్లిళ్లున్నాయని హడావిడిగా మగ్గం వర్క్ బ్లౌజులకి కొలతలు ఇవ్వకండి. తప్పనిసరైతే మామూలు క్రాస్ కటింగ్ చేయించుకుని, పక్క కుట్లలోనూ టక్కులోనూ గుడ్డ ఎక్కువ వదలమని మీ టైలర్‌కి చెప్పండి. ఎందుకని అడిగితే బరువు తగ్గుతున్నానని చెప్తే సరిపోతుంది, మేము ఇంకేమీ అడగం.